హెడ్‌ఫోన్ జాక్ ఉన్న కొత్త ఫోన్ ఎలా ఎంచుకోవాలి? తిరుపతిలో షాపుకు వెళ్లేముందు, కౌంటర్ దగ్గర చూసుకోవాల్సినవి

అలిపిరి మెట్లు ఎక్కుతూ అన్నమయ్య కీర్తనలు వినేవాళ్లకు, హాస్టల్ గదిలో గంటల తరబడి రికార్డెడ్ క్లాసులు వినే పోటీ పరీక్షల విద్యార్థులకు, సంగీత కళాశాలలో శ్రుతి యాప్ పెట్టుకుని సాధన చేసేవాళ్లకు వైరు ఇయర్‌ఫోనే సుఖం. దానికి చార్జింగ్ అక్కర్లేదు, మెట్ల మీద ఒక చెవి బడ్ జారి పొదల్లో పడిపోతుందన్న భయం లేదు. పాడేవాళ్లకు ఇంకో కారణం కూడా ఉంది. చాలా బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో శబ్దం 100 నుంచి 250 మిల్లీసెకన్లు ఆలస్యంగా చెవికి చేరుతుంది. పాటలు వింటున్నప్పుడు ఆ తేడా తెలియదు. కీబోర్డు యాప్ మీద వేలు పెట్టినా, తాళానికి పాడుతూ రికార్డు చేసుకున్నా వెంటనే తెలిసిపోతుంది.

జాక్, అంటే వైరు ఇయర్‌ఫోన్ పిన్ను పెట్టే గుండ్రటి బెజ్జం, ఉన్న ఫోన్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. కాగితం మీద ‘ఉంది’ అన్నంత మాత్రాన సరిపోదు. మీ ఇయర్‌ఫోన్ ఆ ఫోనులో సరిగ్గా పనిచేయాలి, దాని మైకు పలకాలి, పౌచ్ వేశాక కూడా పిన్ను పూర్తిగా దిగాలి. అందుకే షాపుకు వెళ్లేటప్పుడు జేబులో మీ సొంత ఇయర్‌ఫోన్ తప్పకుండా ఉండాలి.

1. ముందు ఇంట్లో కూర్చుని జాబితా వేసుకోండి

2015 ఆగస్టులో మన శ్రీసిటీలో తయారైన రెడ్‌మీ 2 ప్రైమ్ మార్కెట్లోకి వచ్చినప్పుడు ‘దీనికి జాక్ ఉందా?’ అని అడగాల్సిన అవసరమే లేదు. దాదాపు ప్రతి ఫోనుకూ ఉండేది. మరుసటి ఏడాది, 2016లో, ఐఫోన్ 7 జాక్ తీసేసింది. 2019లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 10 అదే దారి పట్టింది. తర్వాత మధ్యరకం ఫోన్లకూ పాకింది. 2021లో వచ్చిన గెలాక్సీ ఏ52కు జాక్ ఉంటే, 2022లో దాని స్థానంలో వచ్చిన ఏ53కు లేదు. నీళ్లు దిగకుండా ఉండాలంటే జాక్ తీసేయాల్సిందేనన్న మాట పూర్తిగా నిజం కాదు. గెలాక్సీ ఎస్10కు జాక్ ఉంది, ఐపీ68 రక్షణా ఉంది.

ఇప్పుడు జాక్ ఎక్కువగా కనిపించేది ఇరవై వేల లోపు ఫోన్లలో. కాబట్టి జాక్ కావాలంటే కొన్ని వదులుకోవాల్సి రావచ్చు: వైర్‌లెస్ చార్జింగ్, రాత్రిపూట మంచి ఫొటోలు, ఎక్కువ ఏళ్ల అప్‌డేట్లు. మొదటి రెండూ లేకపోయినా గడిచిపోతుంది. అప్‌డేట్ల దగ్గర మాత్రం రాజీ పడొద్దు. ఫోన్‌పే, బ్యాంకు యాప్‌లు వాడే ఫోనుకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకా ఎన్నేళ్లు వస్తాయో కంపెనీ సైట్లో చూసుకోండి. జాక్ ఉందని మూడేళ్ల కిందటి మోడల్ కొంటే చెవికి సుఖం, ఖాతాకు ముప్పు.

పేర్ల దగ్గరే చాలామంది పొరబడతారు. ఒకే వరుసలో వచ్చిన ఫోన్లలో కూడా జాక్ ఒకదానికి ఉంటుంది, పక్కదానికి ఉండదు. 2024 జనవరిలో మన దేశంలో విడుదలైన రెడ్‌మీ నోట్ 13 వరుసే తీసుకోండి. నోట్ 13 5జీకి, నోట్ 13 ప్రోకు జాక్ ఉంది, ప్రో ప్లస్‌కు లేదు. ‘నోట్ 13కు ఉంది’ అని స్నేహితుడు చెప్పిన మాట పట్టుకుని ప్రో ప్లస్ కొంటే ఇంటికి వచ్చాక బాధపడాలి. అందుకే ప్రో, ప్లస్, లైట్, 4జీ, 5జీ అనే తోకలతో సహా పూర్తి పేరు రాసుకోండి.

కంపెనీ సైట్లో స్పెసిఫికేషన్ల పేజీ చదివేటప్పుడు ఒక మెలిక ఉంటుంది. శాంసంగ్ పేజీలో ‘ఇయర్‌జాక్’ అని ఒక వరుస కనిపిస్తుంది. ఆ పేరు చూసి జాక్ ఉందనుకోకండి. దాని ఎదురుగా ‘3.5 ఎంఎం స్టీరియో’ అని ఉంటేనే గుండ్రటి బెజ్జం ఉన్నట్టు. ‘యూఎస్‌బీ టైప్-సీ’ అని ఉంటే చార్జింగ్ పెట్టే చోటే ఇయర్‌ఫోన్ పెట్టాలని అర్థం.

2. మీ పిన్ను ఏ రకమో చూసుకోండి

ఇయర్‌ఫోన్ పిన్ను వెలుతురులో పట్టుకుని చూడండి. లోహం మధ్యలో సన్నటి నల్ల గీతలు కనిపిస్తాయి. కొన్నిట్లో తెల్లగా ఉంటాయి. మూడు గీతలుంటే మైకు ఉన్న నాలుగు భాగాల పిన్ను. రెండే ఉంటే పాటలు వినడానికి మాత్రమే పనికొచ్చే మూడు భాగాల పిన్ను. రెండూ ఫోనులో దిగుతాయి. రెండు గీతల పిన్నుతో మాట్లాడితే మీ గొంతు ఫోను సొంత మైకు నుంచి వెళ్తుంది.

నాలుగు భాగాల పిన్నుల్లో రెండు రకాల వైరింగ్ ఉంది: సీటీఐఏ, ఓఎమ్‌టీపీ. ఇప్పటి ఫోన్లన్నీ దాదాపు సీటీఐఏ. పాత ఇయర్‌ఫోన్లలో కొన్ని ఓఎమ్‌టీపీ. మైకు తీగ, గ్రౌండు తీగ ఒకదాని చోట ఇంకొకటి ఉండటమే తేడా. జత కుదరకపోతే పాట బావిలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది, పాడేవారి గొంతు దాదాపు మాయమై వాద్యాలు మిగులుతాయి. వైరు మీది బటన్ నొక్కి పట్టుకుంటే పాట ఒక్కసారిగా నిండుగా వినిపిస్తుంది. ఈ లక్షణం కనిపిస్తే తప్పు ఫోనుది కాదు. ఇయర్‌ఫోన్ మార్చండి, లేదా సీటీఐఏ–ఓఎమ్‌టీపీ మార్చే చిన్న కన్వర్టర్ తీసుకోండి.

యూట్యూబ్ వీడియోలు తీసేవాళ్లు కాలర్ మైకు విషయంలో ఇంకాస్త జాగ్రత్తపడాలి. కెమెరాల కోసం చేసిన రెండు గీతల మైకును ఫోను మైకుగా గుర్తించదు. బోయా బీవై-ఎం1 లాంటి వాటిలో ఫోన్‌కూ కెమెరాకూ మార్చే స్విచ్ ఉంటుంది. దాన్ని ఫోన్ వైపు పెట్టాలి.

స్టూడియోలో వాడే 250 ఓమ్స్, 300 ఓమ్స్ విద్యుత్ నిరోధం ఉన్న పెద్ద హెడ్‌ఫోన్స్ ఫోను జాక్‌కు బరువెక్కువ. శబ్దం సన్నగా వస్తుంది. 16 నుంచి 32 ఓమ్స్ ఉన్నవి ఏ ఫోనులోనైనా బాగా పలుకుతాయి.

3. షాపులో డెమో పీస్ మీద పరీక్షించండి

గాంధీ రోడ్డులోనో, తిలక్ రోడ్డులోనో షాపులోకి అడుగుపెట్టి ‘జాక్ ఉందా అన్నా?’ అంటే ‘ఉండాది సార్, అన్నిట్లో ఉండాది’ అనే సమాధానం రావచ్చు. మాట నమ్మి ఊరుకోకుండా డెమో పీస్ చేతికి తీసుకోండి. అయిదు నిమిషాలు చాలు.

పిన్నును గుడ్డతో తుడిచి, నిటారుగా పెట్టి ‘టిక్’ అని తగిలేదాకా నొక్కండి. పిన్ను లోహం సుమారు 14 మిల్లీమీటర్లు ఉంటుంది. అది మొత్తం లోపలికి వెళ్లాలి. బయట మెరుపు కనిపిస్తుంటే సగమే దిగినట్టు. పైన స్టేటస్ బార్‌లో హెడ్‌ఫోన్ గుర్తు రావాలి. మైకు ఉన్న ఇయర్‌ఫోన్‌కు ఆ గుర్తులోనే మైకు బొమ్మ కూడా చాలా ఫోన్లలో కనిపిస్తుంది.

తర్వాత ఏదైనా ‘లెఫ్ట్ రైట్ టెస్ట్’ వీడియో పెట్టండి. ఎడమ అన్నప్పుడు ఎడమ చెవిలోనే రావాలి. అంతా ఒక పక్కకే వస్తుంటే సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలో బ్యాలెన్స్ మీట ఎవరో కదిపి ఉంటారు. ముందు అది మధ్యలో ఉందో లేదో చూడండి. డెమో ఫోన్లు పదిమంది చేతులు మారినవి కదా.

ఇప్పుడు నిదానంగా సాగే పాట తక్కువ శబ్దంతో పెట్టి, పిన్నును రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా ఒక చుట్టు తిప్పండి. గరగర రాకూడదు, ఒక చెవి ఆగి మళ్లీ రాకూడదు. వస్తే ఇంకో ఇయర్‌ఫోన్‌తో అదే చేసి చూడండి. రెండింటితోనూ వస్తే లోపలి స్ప్రింగు పట్టీలు వదులైనట్టు. అది ఆ ఒక్క డెమో పీస్ అరుగుదల కావచ్చు. మోడల్ నచ్చితే కొత్త పీస్ మీద ఇదే పరీక్ష మళ్లీ చేయాలని గుర్తుపెట్టుకోండి.

మైకు పరీక్షకు ఒక తేలిక మార్గం ఉంది. వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, వైరు మీదున్న మైకు బెజ్జాన్ని గోరుతో గీకండి. తర్వాత ఫోను అడుగున ఉన్న బెజ్జాన్ని గీకండి. రికార్డింగ్ వింటే మొదటిది ‘బరబర’మని గట్టిగా, రెండోది సన్నగా వినిపించాలి. తారుమారైతే ఫోను మీ ఇయర్‌ఫోన్ మైకును పట్టించుకోవడం లేదు. రికార్డింగ్ బాగుంటే మీ ఫోను నుంచి సిమ్ తీసి అందులో పెట్టి ఒక కాల్ కూడా చేసి చూడండి. కొన్ని యాప్‌లు ఒక మైకు వాడతాయి, కాల్ ఇంకోటి వాడుతుంది.

బటన్ ఒకసారి నొక్కితే పాట ఆగాలి, రెండుసార్లు నొక్కితే తర్వాతి పాటకు వెళ్లాలి.

చివరగా చార్జర్ పెట్టి వినండి. సన్నటి ‘జ్‌జ్’ మోత మొదలైతే వేరే చార్జర్‌తో చూడండి. నాసిరకం చార్జర్ల వల్లే అది ఎక్కువగా వస్తుంది. మంచి చార్జర్‌తోనూ వస్తే ఆ ఫోను వదిలేయండి, ఎందుకంటే హాస్టల్లో రాత్రిపూట చార్జింగ్ పెట్టి క్లాసులు వినేవాళ్లకు ఆ మోత నరకం.

పౌచ్ కూడా అక్కడే వేయించి చూడండి. మందపాటి రబ్బరు పౌచ్‌లలో జాక్ కోసం ఇచ్చిన బెజ్జం ఇరుకుగా ఉంటుంది. లావు ప్లాస్టిక్ తల ఉన్న పిన్ను, ఎల్ ఆకారంలో వంగిన పిన్ను అందులో ఆగిపోయి సగమే దిగుతాయి. ‘కొత్త ఫోనులో ఒక చెవే పలుకుతోంది’ అనే ఫిర్యాదుల్లో కొన్నిటికి పౌచ్ తీసి చూస్తే చాలు. జాక్ ఫోను అడుగున ఉందా, పైన ఉందా అన్నదీ చూడండి. ఫోను అడ్డంగా పట్టి గేములు ఆడేవాళ్లకు అడుగు జాక్‌లో నిటారు పిన్ను అరచేతిలో గుచ్చుకుంటుంది. వాళ్లకు ఎల్ పిన్నే నయం.

4. ఎఫ్ఎం కావాలంటే విడిగా అడగండి

జాక్ ఉన్న ప్రతి ఫోనులో ఎఫ్ఎం రేడియో ఉండదు. ఎఫ్ఎం సౌకర్యాన్ని ఆపివేయకుండా అందుబాటులో ఉంచాలని కేంద్ర ఐటీ శాఖ 2023 ఏప్రిల్‌లో ఫోన్ల తయారీదారులకు సూచించింది. అయినా కొనేముందు ఎఫ్ఎం యాప్ తెరిచి చూడటమే నమ్మకం. వైరు ఇయర్‌ఫోనే ఇక్కడ యాంటెన్నా. అది పెట్టకపోతే చాలా ఫోన్లలో రేడియో పలకదు. పెట్టి ‘స్కాన్’ నొక్కితే తిరుపతి ఆకాశవాణి దొరకాలి. షాపు సెల్లారులో ఉంటే రోడ్డు మీదికి వచ్చి చూడండి. 2021 నవంబరులో తిరుపతిని వరద ముంచెత్తిన రోజులు గుర్తున్నవాళ్లకు ఇంటర్నెట్ అక్కర్లేని రేడియో విలువ చెప్పనక్కర్లేదు.

5. బిల్లు కట్టేముందు, కట్టిన వెంటనే

పెట్టె మీది స్టిక్కర్‌లో తయారీ నెల, సంవత్సరం, ఎంఆర్‌పీ ఉంటాయి. ఏడాదికి పైగా మూలన పడున్న పీస్ అయితే ఇంకోటి అడగండి, లేదా ధర తగ్గించమని బేరమాడండి. ఫోన్ల మీద జీఎస్టీ 18 శాతం. బిల్లులో అది విడిగా కనబడాలి, ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) రాసి ఉండాలి. ఫోనులో *#06# కొట్టి వచ్చిన నంబరు, పెట్టె మీదిది, బిల్లులోది మూడూ ఒకటేనా చూడండి. సెకండ్‌హ్యాండ్ ఫోను అయితే ఆంగ్లంలో కేవైఎం అని టైపు చేసి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ నంబరు రాసి 14422కు ఎస్ఎంఎస్ పంపితే ఆ ఫోను సంగతి తెలుస్తుంది.

చాలాచోట్ల సీల్ తీశాక ఫోను వాపసు తీసుకోరు. అందుకే సీల్ తీయడం నుంచి ఇయర్‌ఫోన్ పెట్టి చూసేదాకా వీడియో తీయించండి. డెమో మీద చేసిన పిన్ను తిప్పే పరీక్ష, గోరు పరీక్ష ఈ కొత్త పీస్ మీద కౌంటర్ వదలకముందే చేయండి. లోపం అక్కడే కనబడితే మార్చమని గట్టిగా అడగొచ్చు. ఇంటికెళ్లి మర్నాడు వస్తే సర్వీస్ సెంటర్‌కు వెళ్లమంటారు.

6. నచ్చిన ఫోనుకు జాక్ లేకపోతే

టైప్-సీ నుంచి 3.5 ఎంఎంకు మార్చే అడాప్టర్లు ఉన్నాయి. బయటకి ఒకేలా కనిపించినా వాటిలో రెండు రకాలున్నాయి. ఒకదానిలో డీఏసీ చిప్ (ఫోనులోని డిజిటల్ శబ్దాన్ని ఇయర్‌ఫోన్‌కు పనికొచ్చేలా మార్చేది) ఉంటుంది, రెండోది ఉత్త తీగ. ఉత్త తీగ రకం కొన్ని ఫోన్లలోనే పలుకుతుంది. శాంసంగ్, పిక్సెల్ ఫోన్లలో పలకదు. ప్యాకెట్ మీద డీఏసీ అని ఉన్నదే తీసుకోండి, షాపులోనే పెట్టి చూడండి. ఐఫోన్ కోసం వచ్చే అడాప్టర్ కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో శబ్దం బాగా తగ్గించేస్తుంది, అది గమనించండి. వింటూనే చార్జింగ్ పెట్టాలంటే రెండు బెజ్జాలున్న అడాప్టర్ కావాలి. ఎక్కువసేపు వినేవాళ్లకు అడాప్టర్ అంత సుఖం కాదు. అది రోజూ మోయాల్సిన ఇంకో ముక్క, పైగా చార్జింగ్ పోర్టు అరుగుతుంది.

7. కొన్నాక

జీన్సు జేబులోని నూగు, కొండ నుంచి తెచ్చిన కుంకుమ పొట్లం చిట్లి రాలిన పొడి, లడ్డూ కవరులోంచి జారిన పలుకులు మెల్లగా జాక్‌లో చేరి అడుగున గట్టిపడతాయి. అప్పుడు పిన్ను చివరిదాకా దిగదు. ఫోను ఆపేసి, పొడి చెక్క టూత్‌పిక్ కొసతో అంచుల వెంట మెల్లగా తిప్పి తీయండి. సూది, పిన్నీసు పెడితే లోపలి పట్టీలు వంగిపోతాయి. నోటితో ఊదితే తేమ లోపలికి వెళ్తుంది.

ఇయర్‌ఫోన్ తీసేసినా హెడ్‌ఫోన్ గుర్తు పోకుండా, స్పీకర్ పలకకుండా ఉంటే లోపల తేమో దుమ్మో చేరి ఉంటుంది. పిన్ను నాలుగైదుసార్లు పెట్టి తీసి, ఫోనును ఫ్యాను గాలికి కొన్ని గంటలు వదలండి. హెయిర్ డ్రయర్ వేడి చూపొద్దు. అప్పటికీ పోకపోతే రిపేరుకు ఇచ్చేముందు ఒక్కటి అడగండి, జాక్ చార్జింగ్ బోర్డు మీదుందా, మెయిన్ బోర్డు మీదుందా అని. చార్జింగ్ బోర్డు మీదుంటే ఆ చిన్న బోర్డు మార్చేస్తారు, చార్జింగ్ పోర్టు కూడా దాంతోపాటే కొత్తదవుతుంది. మెయిన్ బోర్డు మీదుంటే సోల్డరింగ్ పని. అది చేయి తిరిగిన మెకానిక్‌కే ఇవ్వండి, వారంటీ ఉన్నంతకాలం మాత్రం కంపెనీ సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లండి.