కంప్యూటర్ సైన్స్ డిగ్రీ ఎలా చదవాలి? రన్ నొక్కే ముందు కాగితం తీయండి

కంప్యూటర్ సైన్స్‌లో చేరగానే చాలామందికి పట్టుకునే టెన్షన్ ఒకటే, ఏ లాంగ్వేజ్ నేర్చుకోవాలని. కాలేజీలో ఏది చెబితే అదే నేర్చుకోండి. 1970లలో పుట్టిన సీ అయినా, 1991లో వచ్చిన పైథాన్ అయినా లూపు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించేది) లూపే. ఒకటి బాగా పట్టుబడితే రెండోది సగం వచ్చినట్టే. ఏడాదిలో నాలుగు మొదలుపెడితే మాత్రం ఏదీ మిగలదు.

1. జవాబు ముందు మీరు చెప్పండి

ప్రోగ్రామ్ రాయగానే రన్ కొట్టకండి. కాగితం మీద ఒక్కో వేరియబుల్‌కి (విలువ దాచుకునే పేరుకి) ఒక గడి గీసి, ఏ లైను దగ్గర విలువ ఎలా మారుతుందో రాసుకుంటూ వెళ్లండి. ఏం వస్తుందో రాసిపెట్టి, అప్పుడు నడపండి. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే మీకు అర్థం కానిది దాగుంది. 0.1, 0.2 కూడితే 0.3కి సమానమా అని పైథాన్‌ని అడిగి చూడండి. కాదంటుంది! ఒకటిని మూడుతో భాగిస్తే 0.333 అంటూ తెగకుండా సాగినట్టే, 0.1 కూడా బైనరీలో, అంటే కంప్యూటర్ వాడే 0, 1ల లెక్కలో, తెగదు. కంప్యూటర్ ఎక్కడో ఒకచోట కత్తిరించక తప్పదు.

2. డేటా స్ట్రక్చర్లకి, అల్గారిథమ్స్‌కి ఎక్కువ టైమ్ ఇవ్వండి

డేటాని పేర్చుకునే పద్ధతులు, సమస్యని అంచెలంచెలుగా తేల్చే విధానాలు. నన్నడిగితే డిగ్రీకి వెన్నెముక ఇదే. బైనరీ సెర్చ్ చూడండి. చిన్న నుంచి పెద్దకి వరుసగా పేర్చిన పది లక్షల అంకెల్లో ఒకదాన్ని 20 పోలికల్లో పట్టేస్తుంది, ప్రతిసారీ సగం పక్కకి తోసేస్తుంది కాబట్టి. చూడ్డానికి పది లైన్లే. కానీ మధ్య స్థానం కోసం రెండు చివరలనీ కూడి సగం చేస్తే, ఆ మొత్తం 32 బిట్లలో దాచే పూర్ణాంకం పరిమితి 2147483647ని దాటినప్పుడు మైనస్‌లోకి పోవచ్చు. జావా లైబ్రరీలోనే ఈ తప్పు ఏళ్ల తరబడి ఉండి, 2006లో అందరికీ తెలిసింది. కుడి చివర నుంచి ఎడమ చివర తీసేసి, వచ్చినదాంట్లో సగాన్ని ఎడమ చివరకి కలిపితే ఆ గొడవ ఉండదు. మీ కోడ్‌కి ఖాళీ వరుస, ఒకే అంకె ఉన్న వరుస, అసలు లేని అంకె ఇచ్చి చూడండి.

3. డిస్క్రీట్ మ్యాథ్స్‌ని వాయిదా వేయకండి

ఇండక్షన్ (మొదటిదానికి నిజమని చూపి, ఒకదానికి నిజమైతే తర్వాతదానికీ నిజమని నిరూపించడం) అర్థమైతే రికర్షన్ (ఫంక్షన్ తనని తానే పిలుచుకుని సమస్యని చిన్నది చేసుకోవడం) భయం చాలావరకు పోతుంది. రెండిటి ఆలోచనా ఒకటే.

4. ఎర్రర్ మెసేజ్ చదవండి

ఎర్ర అక్షరాలు కనబడగానే స్నేహితుడినో ఏఐ టూల్‌నో అడిగేయడం అలవాటైపోతోంది. పైథాన్‌లో చివరి లైను ముందు చదివితే ఏ రకం తప్పో తెలుస్తుంది. కోడ్‌ని కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, తప్పు ఇంకా వచ్చే అతి చిన్న ముక్క దగ్గర ఆగండి. అరగంట పెనుగులాడాక అడిగితే తప్పేం లేదు. వచ్చిన జవాబుని మాత్రం మీ మాటల్లో చెప్పగలగాలి.

5. మొదటి అసైన్‌మెంట్ నుంచే గిట్ వాడండి

కోడ్‌లో చేసిన మార్పులన్నీ గుర్తుపెట్టుకునే టూల్ ఇది; లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ 2005లో ఆ పని కోసమే రాసుకున్నాడు. ‘ఫైనల్’, ‘ఫైనల్2’, ‘అసలు ఫైనల్’ అని ఫోల్డర్లు పెట్టుకునే బాధ తప్పుతుంది.

6. పరీక్షకి చేత్తో రాయండి

పుస్తకం మూసి, లింక్డ్ లిస్ట్‌లోంచి (ఒక్కో ముక్క తర్వాతి ముక్క ఎక్కడుందో చెప్పే గొలుసులోంచి) ఒక నోడ్, అంటే ఒక ముక్క, తీసేసే కోడ్ తెల్లకాగితం మీద రాయండి. మధ్య నోడ్ అందరూ తీసేస్తారు. తీయాల్సింది మొదటి నోడే అయితే, గొలుసు ఎక్కడ మొదలవుతుందో చూపే హెడ్‌ని మార్చాలి, చాలామంది జారేది అక్కడే.