కుక్కకి, పిల్లికి పొలమారకుండా సిరప్ పట్టడం ఎలా?

మనిషికి పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటాం, నెత్తిమీద నాలుగు తట్టి ఊరుకుంటాం. మందు పడుతుంటే కుక్కకో పిల్లికో పొలమారితే తలుచుకోవాల్సింది డాక్టర్ని. కడుపులోకి పోవాల్సిన మందు ఊపిరితిత్తుల్లోకి దిగితే నెమ్ము చేస్తుంది. ఆస్పిరేషన్ న్యుమోనియా అని డాక్టర్లు అనేది దీన్నే.

శ్రీకాకుళంలో మా వీధిలో ఎవరింటి జంతువుకి మందు పట్టాలన్నా నన్నే పిలుస్తారు. పిలిచేది ఎప్పుడంటే, ఒకసారి పాడుచేశాక. "రెండు చెంచాలే కదండీ, ఏటవుద్దని పోసీసేను" అంటారు. ఆ రెండు చెంచాలే చాలు.

సామాను పెద్దగా ఏం లేదు. సూది తీసేసిన 5 ఎం.ఎల్. సిరంజీ, పాత తువ్వాలు. 10 ఎం.ఎల్. సిరంజీ వాడకండి, బొటనవేలు ఒక్కసారి జారిందంటే మందంతా గొంతులో కుమ్మరిస్తుంది. చెంచా, ఉగ్గుగిన్నె ఊసే వద్దు. మందు, కొలత రెండూ డాక్టర్ బరువు చూసి రాసినవే. మనింట్లో ఉన్న పారాసిటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది. సీసా కుదిపి, సిరంజీలోకి లాగి, గాలి బయటికి తోసేయండి.

కుక్కని గోడ మూలకి వీపు ఆనేలా కూర్చోబెట్టండి. మీరు ఎదురుగా కాదు, పక్కన కూర్చోవాలి. పిల్లిని తల ఒక్కటే బయట ఉండేలా తువ్వాలులో చుట్టండి. వెల్లకిలా తిప్పి ఒళ్లో పడుకోబెట్టుకుని పసిపిల్లకి ఉగ్గు పెట్టినట్టు పెట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక అసలు సంగతి, తల. ఊళ్లో ఆవుకీ గేదెకీ ముట్టె పైకెత్తి వెదురుగొట్టంతో మందు పోయడం చూసి పెరిగినవాళ్లం. ఆ అలవాటే చేతికి వచ్చేస్తుంది. అలా పోస్తే పశువులకీ నెమ్ము వస్తుంది, అది వేరే గొడవ. గాలిగొట్టానికి మూత పడేది మింగే క్షణంలోనే. తల వెనక్కి వంచితే మింగడం కష్టం. కావాలంటే ఇంటికప్పు కేసి చూస్తూ మీ లాలాజలం మీరు మింగి చూడండి. అందుకే ముక్కు నేలకి సమాంతరంగా ఉండాలి. కాస్త కిందికున్నా ఫర్వాలేదు, పైకి మాత్రం వద్దు.

నోరు తెరిపించే పని లేదు. పై కోరపన్ను వెనక, పెదవి మూల దగ్గర వేలితో బుగ్గ లాగితే చిన్న సంచిలా తెరుచుకుంటుంది. సిరంజీ మొన అక్కడ పెట్టండి. మొన గొంతు వైపు కాదు, అవతలి బుగ్గ వైపు చూడాలి. పిల్లికి అర ఎం.ఎల్., కుక్కకి ఒక ఎం.ఎల్. వదిలి ఆగండి. గొంతు కదులుతుంది, నాలుకతో ముక్కు నాక్కుంటుంది. అదే గుటక. గుటక పడ్డాకే రెండో నొక్కు. 5 ఎం.ఎల్. మందుకి ఐదు నిమిషాలు పట్టినా పట్టనివ్వండి. మూతి బిగించి పట్టుకోవద్దు. సగం కారిపోతే కారిపోనివ్వండి, మళ్లీ పట్టాలా వద్దా అన్నది డాక్టర్ని అడగండి. మధ్యలో దగ్గితే ఆపేసి, తల వదిలేసి, ఆ పూటకి సిరంజీ కడిగి పెట్టేయండి. సర్దుకుంటుందని వెంటనే నీళ్లు పట్టకండి.

సొమ్మసిల్లినదానికి, ఆయాసపడుతున్నదానికి, వాంతులు ఆగనిదానికి నోట్లో ఏమీ పొయ్యకూడదు. పగ్‌ల్లాంటి చప్పిడి ముక్కు కుక్కలతో ఇంకా నిదానం. మలబద్ధకానికి ఆముదం, కొబ్బరినూనె పోసేవాళ్లూ ఉన్నారు. నూనె గాలిగొట్టంలోకి జారుతున్నా దగ్గు సరిగా రాదు. పొలమారిన సంగతి మనకి తెలియనే తెలియదు. నన్నడిగితే నూనె సీసా వంటగది దాటకూడదు.

ఇదంతా ఎందుకు, మాత్ర పడేస్తే పోదా అంటారు కొందరు. కుక్కకైతే పెరుగన్నం ముద్దలో పోతుంది, కాదనను. పిల్లికి నీళ్లు లేకుండా వేసిన మాత్ర అన్నవాహికలో ఇరుక్కోవచ్చు. డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ అయితే అక్కడ పుండు చేస్తుంది. నా చేతికి సిరపే నచ్చుతుంది.

పొలమారిందన్న అనుమానం ఉంటే రెండు రోజులు కనిపెట్టి ఉండండి. నిద్రలో ఉన్నప్పుడు పక్కటెముకలు చూస్తూ నిమిషం లెక్కపెట్టండి. పైకీ కిందికీ కలిపి ఒకటి. 30 లోపు ఉండాలి. రెండు మూడుసార్లు చూసినా దాటుతుంటే, ఒళ్లు కాలుతుంటే, తిండి మానేస్తే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. పిల్లి దగ్గుతుందని ఎదురుచూడకండి. నెమ్ము పట్టినా అది దగ్గకుండా మంచం కింద దాక్కోవచ్చు. నోరు తెరిచి ఊపిరి తీస్తోందంటే, చిగుళ్లు నీలంగా మారాయంటే తెల్లారేదాకా ఆగకండి. దగ్గు తగ్గించే సిరప్ మీ అంతట మీరు పట్టొద్దు, లోపలి కఫం బయటికి రావాలంటే ఆ దగ్గే దారి.

విజయనగరం వైపు వాళ్లకి గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. ఎక్కడికి వెళ్లినా ముందు చెప్పాల్సిన మాట: "నేను మందు పడుతుంటే పొలమారింది, ఫలానా రోజు, ఫలానా మందు." ఇది దాచిపెట్టి జలుబు చేసిందని చెబితే డాక్టర్ జలుబు దగ్గరే మొదలుపెడతాడు. ఛాతీ ఎక్స్‌రే దాకా వెళ్లేసరికి రెండు రోజులు పోతాయి. సీసా కూడా పట్టుకెళ్లండి.