రబ్బింగ్ చేయించిన నెలకే కారు మీద గీతలు మళ్లీ వస్తున్నాయా?

కారు షాంపూతో కడగడం, నీడలో ఆరబెట్టడం, బోనెట్ చల్లబడ్డాకే పని మొదలుపెట్టడం మీకు తెలుసనే అనుకుంటున్నాను. కాబట్టి నేరుగా లక్షణాల దగ్గరికి వెళ్దాం. దానికంటే ముందు ఒక్క పని: ఫోన్ టార్చ్ వేసి పెయింట్ చూడండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ట్యూబ్‌లైట్ కింద ఏ కారైనా బాగానే ఉంటుంది. గీతలు బయటపడేది ఎండలో, లేదంటే ఒకే చోటి నుంచి పడే గట్టి వెలుతురులో. తెల్ల కారులో దాక్కుంటాయి, నల్ల కారులో అరుస్తాయి. తేడా అంతే. ఈ పది సెకన్ల పని చేయకుండా పాలిష్ డబ్బాలు కొనుక్కొచ్చేవాళ్లే ఎక్కువ.

మెరుపు మసకబారింది, అక్కడక్కడా మచ్చలు మచ్చలుగా ఉంది

పాత వ్యాక్స్ పేరుకుపోయిందని అందరూ అంటారు. మామూలు కార్నౌబా వ్యాక్స్ (తాటి జాతి చెట్టు ఆకుల మైనం) మన ఎండలకు ఒకట్రెండు నెలలు నిలిస్తే గొప్ప. దసరాకు వేసింది ఉగాదికి ఉండదు. అప్పటికి మిగిలేది చిరిగిన పాతగుడ్డలా అక్కడో ముక్క ఇక్కడో ముక్క, దాని మీద రోడ్డు జిడ్డు, బోరు నీళ్ల ఉప్పు. బాగా కడిగాక నీళ్లు పోసి చూడండి. ఒకచోట ముత్యాల్లా నిలబడి, పక్కనే పలచగా పరుచుకుంటే వ్యాక్స్ అతుకులుగా మిగిలిందని అర్థం.

తీయడానికి వ్యాక్స్ రిమూవర్ గానీ, కింద చెప్పబోయే ఐసోప్రొపైల్ మిశ్రమం గానీ చాలు. పెట్రోలు, థిన్నర్ జోలికి పోవద్దు. పెట్రోలు రబ్బరు బీడింగులను, ప్లాస్టిక్‌ను పాడు చేస్తుంది. థిన్నర్ అయితే టచప్ చేసిన చోట పెయింట్‌నే లేపేస్తుంది. తర్వాత చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని ప్యానెల్ మీద నిమరండి. గరుకుగా తగిలితే క్లే బార్ (పెయింట్‌కు అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద) వాడాలి, అదీ జారడానికి లూబ్రికెంట్ ధారాళంగా కొడుతూ. క్లే ముక్క కింద పడిందా, పారేయండి. దులిపి వాడితే ఇసుకతో రుద్దినట్టే. క్లే కూడా సన్నగా గీస్తుంది కాబట్టి, ఆ తర్వాత పాలిష్ తప్పదు.

నల్ల ప్లాస్టిక్ భాగాల్లో తెల్లగా ఎండిన వ్యాక్స్‌కు మాత్రం పెన్సిల్ రబ్బరు బాగా పనిచేస్తుంది.

ఎండలో గుండ్రంగా సాలెగూడులా గీతలు

ఇవే స్విర్ల్ మార్క్స్. నిజానికి గీతలు అన్ని దిక్కులకూ ఉంటాయి, వెలుతురు చుట్టూ ఉన్నవి మాత్రమే మెరిసి గుండ్రంగా అనిపిస్తాయి. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: రోజూ పొద్దున్నే దుమ్ము మీద పొడిగుడ్డ. పది కార్లకు ఒకే గుడ్డ, ఒకే బకెట్ అయితే చెప్పేదేముంది. అది ఆపకుండా పాలిష్ చేయించడం దండగ.

గోరుతో అడ్డంగా గీకి చూడండి. గోరు తట్టుకుంటే ఆ గీత లోతైనది, వదిలేయండి. తట్టుకోకపోతే డ్యుయల్ యాక్షన్ పాలిషింగ్ మెషిన్‌తో (ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగేది) పోతుంది. రెండడుగుల చదరం మీద ముందు మెత్తటి ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్‌తో ప్రయత్నించి, సరిపోకపోతేనే కాంపౌండ్‌కు, అంటే ఎక్కువ గీకే ముతక పాలిష్‌కు, వెళ్లండి. చాలామంది దీన్ని తిరగేసి, మొదటే కాంపౌండ్ ఎత్తుకుంటారు. కంపెనీ పెయింట్ మీద క్లియర్ కోట్ (రంగు మీది పారదర్శక పొర, రబ్బింగ్‌లో అరిగేది ఇదే) సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు ఉంటుంది. మన దగ్గర క్యారీబ్యాగే 120 మైక్రాన్లకు తగ్గకూడదని నిబంధన. అందులో సగం కూడా లేని పొరను ఏడాదికి రెండుసార్లు రబ్బింగ్ చేయిస్తే ఏం మిగులుతుంది?

పాలిష్ రోజు అద్దంలా ఉంది, నాలుగు వాషులకు గీతలన్నీ తిరిగొచ్చాయి

అసలు ఈ వ్యాసం దీని కోసమే. గీతలు కొత్తగా రాలేదు, అసలు పోనేలేదు. మైనం, నూనెలు, సన్నటి తెల్లమట్టి లాంటి ఫిల్లర్లు కలిసిన గ్లేజ్ ఆ గీతల్లోకి దిగి కప్పేసింది. కొన్ని 'ఆల్ ఇన్ వన్' పాలిష్‌లలోనూ ఇవి ఉంటాయి. గంటలో కారు మెరిసిపోతుంది, డబ్బులు చేతులు మారతాయి. ఎండకు, షాంపూకు ఫిల్లర్ కరిగాక పాత గీతలు పాత చోటే కనిపిస్తాయి. ఓనరేమో వాచ్‌మన్‌ను తిడతాడు.

మోసమే కానక్కర్లేదు. మామూలు కాంపౌండ్‌లోని నూనె కూడా కొంతకాలం గీతలను కప్పుతుంది. చేసినవాడికే తెలియదు.

కార్లకు పాలిష్ చేసే మా తిప్పలు ఇంకో రకం. వేరేచోట గ్లేజ్ వేయించుకున్న కారు మా దగ్గరికొస్తుంది. తుడవగానే దాక్కున్న గీతలు బయటపడతాయి. "వచ్చేటప్పుడు బాగానే ఉందండీ, మీరు ముట్టుకున్నాకే ఇలా అయింది" అంటారు. అందుకే ఇప్పుడు ఓనరు పక్కన ఉంటే తప్ప మొదటి తుడుపు తుడవను.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. 100 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 400 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలపండి. బ్యాటరీ షాపులో దొరికే నీళ్లే. శానిటైజర్ వద్దు, అందులోని గ్లిజరిన్ మళ్లీ ఓ పొర వేస్తుంది. కడిగిన, చల్లటి ప్యానెల్ మీద అడుగు చోట స్ప్రే చేసి, శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో నొక్కకుండా తుడవండి. గుడ్డ మడత మార్చి ఇంకోసారి. ఇప్పుడు టార్చ్ వేసి, తుడిచిన చోటునూ పక్కనున్న చోటునూ పోల్చండి. తుడిచిన చోట గీతలు ఎక్కువ కనిపిస్తే మీ కారుకు జరిగింది మేకప్. మొండి గ్లేజ్ రెండు తుడుపులకూ లొంగకపోతే ప్యానెల్ వైప్ అని విడిగా అమ్ముతారు, అది వాడండి. కొత్తగా పెయింట్ వేసిన ప్యానెల్ మీద మాత్రం ఇవేవీ వద్దు.

పరిష్కారం: ఫిల్లర్ మొత్తం తుడిచి, గీతలను నిజంగా పాలిష్ చేయించి, వ్యాక్సో సీలెంటో (కృత్రిమ రక్షణ పూత) వేయకముందే మళ్లీ ఇదే తుడుపు తుడిపించి ఎండలో చూడండి. బిల్లు ఆ తర్వాత కట్టండి. "సార్, అలా తుడిస్తే షైనింగ్ పోతుంది" అని ఎవరైనా అంటే మీ సమాధానం మీకు దొరికినట్టే.

మిగతావి

ఎండలో నీడల్లా కదిలే వంకర చారలు: రోటరీ (ఊగకుండా గిరగిరా మాత్రమే తిరిగే) బఫింగ్ మెషిన్ వదిలిన హోలోగ్రాములు. డ్యుయల్ యాక్షన్‌తో ఫినిషింగ్ పాలిష్ చేస్తే పోతాయి.

తెల్లటి నీటి చుక్కలు: బోరు నీళ్లు. వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి రాసి, ఒక నిమిషం ఆగి కడిగేయండి. పోకపోతే పెయింట్‌లోకి దిగినట్టు, పాలిష్ కావాలి.

ఆయుధ పూజ పసుపు మరక: రుద్దకండి. కడిగి నాలుగు రోజులు ఎండలో పెడితే దానంతటదే వెలిసిపోతుంది.

ప్యాడ్‌కు కారు రంగు అంటుతోంది: ఆ ప్యానెల్‌కు క్లియర్ కోట్ లేదు, లేదా అరిగిపోయింది. మెషిన్ ఆపి పెయింటర్‌కు చూపించండి.

మ్యాట్ పెయింట్ అయితే అసలు పాలిష్ మాటే ఎత్తొద్దు.