పెద్ద కంపెనీలో బగ్ కనబడితే: టికెట్ తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా

చిన్న టీములో బగ్ (సాఫ్ట్‌వేర్‌లో తప్పు) కనబడితే పక్క సీటు వైపు తిరిగి చెబితే చాలు. వేల మంది ఇంజినీర్లు, వందల సర్వీసులు (ఒక్కో పని చేసే విడివిడి ప్రోగ్రాములు) ఉన్న చోట అలా కుదరదు. అక్కడ బగ్‌ను సరిచేయడానికి పట్టే టైము కంటే అది ఎవరిదో తేలడానికి పట్టే టైమే ఎక్కువ. కోడ్‌లో మార్పు రెండు లైన్లే ఉంటుంది, ఆ బగ్‌ను నమోదు చేసిన టికెట్ మాత్రం వారాల తరబడి నాలుగు టీముల చుట్టూ తిరుగుతుంది. కింది పద్ధతి ముఖ్యంగా ఆ తిరుగుడు తగ్గించడానికే.

1. నష్టం ఇప్పుడు జరుగుతోందా చూడండి

డబ్బు రెండుసార్లు కట్ అవుతోందా, డేటా పోతోందా, జనం లాగిన్ కాలేకపోతున్నారా? వీటిలో ఏ ఒక్కటి నిజమైనా టికెట్ అందంగా రాసే పని తర్వాత. ముందు ఆన్‌కాల్‌లో (అత్యవసర డ్యూటీలో) ఉన్నవాళ్లకు పేజ్ కొట్టండి, అంటే వెంటనే అలర్ట్ పంపండి. నిన్నటి రిలీజ్ తర్వాత మొదలైతే ఆ రిలీజ్‌ను రోల్‌బ్యాక్ చేయండి (పాత కోడ్‌కు తిప్పండి), ఫీచర్ ఫ్లాగ్ (ఫీచర్‌ను ఆన్, ఆఫ్ చేసే స్విచ్) వెనక ఉంటే ఫ్లాగ్ ఆఫ్ చేయండి. కారణం దొరికాకే కదలాలని పట్టుబట్టకండి. నష్టం ఆగాక కారణం తీరిగ్గా వెతుక్కోవచ్చు. ఆధారాలు చెరిగిపోకుండా మాత్రం రోల్‌బ్యాక్‌కు ముందు ఒక్క సర్వర్ నుంచైనా లాగ్‌లు (సర్వర్ రాసుకునే రికార్డులు), మెమరీ డంప్ (ఆ క్షణంలో మెమరీలో ఉన్నదాని కాపీ) పక్కన పెట్టుకోండి. రెండు నిమిషాల పని.

రోల్‌బ్యాక్ గుడ్డిగా చేసేది కాదు. ఆ రిలీజ్‌లో డేటాబేస్ టేబుళ్లు కూడా మారి ఉంటే పాత కోడ్‌కు కొత్త టేబుళ్లు అర్థం కాకపోవచ్చు. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే షేర్ ట్రేడింగ్ సంస్థలో 8 సర్వర్లకు గాను 7 సర్వర్లలోనే కొత్త కోడ్ పడింది. మిగిలిన ఒక్కదాంట్లో ఎప్పుడో వాడకం ఆపేసిన పాత కోడ్ నిద్రలేచి ఆర్డర్ల మీద ఆర్డర్లు పంపింది. ఆ కంగారులో వాళ్లు సరిగ్గా ఉన్న 7 సర్వర్ల నుంచి కొత్త కోడ్ తీసేశారు, దాంతో ఆ పాత కోడ్ వాటిలోనూ నడవడం మొదలుపెట్టింది. 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. అందుకే వెనక్కి తిప్పేముందు ప్రతి సర్వర్ మీదా ఏ బిల్డ్ (కోడ్ వెర్షన్) నడుస్తోందో చూసుకోండి.

2. మళ్లీ రప్పించండి

మీ చేతుల్లో మళ్లీ రాని బగ్‌ను అవతలి టీము 'రీప్రో కావడం లేదు' అని మూసేస్తుంది, అందులో వాళ్ల తప్పూ లేదు. కాబట్టి బగ్ ఏ పరిస్థితిలో వస్తుందో, ఏ పరిస్థితిలో రాదో రెండూ పట్టుకోండి. రానిదే ఎక్కువ పనికొస్తుంది.

'కొందరికి ఇన్వాయిస్ మీద తేదీ తప్పు పడుతోంది' అనే ఫిర్యాదు తీసుకుందాం. ఇంతే రాస్తే ఎవరూ ముట్టుకోరు. బ్రౌజర్ మార్చి చూశారు, తేడా లేదు. అకౌంట్ మార్చారు, తేడా లేదు. కంప్యూటర్ టైమ్ జోన్‌ను యుటీసీకి (ప్రపంచమంతా లెక్కకు వాడే ప్రామాణిక సమయానికి) 8 గంటలు వెనక పెట్టి చూశారు: మధ్యాహ్నం 3:50కి పెట్టిన ఆర్డరుకు తేదీ సరిగ్గా ఉంది, సాయంత్రం 4:05కి పెట్టినదానికి రేపటి తేదీ పడింది. ఇక్కడితో సగం పని అయిపోయింది. అక్కడ సాయంత్రం 4 అంటే యుటీసీలో అర్ధరాత్రి. ఇన్వాయిస్ తయారుచేసే సర్వీసు కస్టమర్ టైమ్ జోన్ చూడకుండా యుటీసీ తేదీనే అచ్చు వేస్తోందన్నమాట.

ఒక్కోసారికి ఒక్క విషయమే మార్చండి. మూడు మార్చి చూస్తే ఏది కారణమో తెలియదు.

3. పాత టికెట్లు వెతకండి

మీ మాటల్లో కాదు, ఎర్రర్ మెసేజ్ మాటల్లో వెతకండి. అందులోని ఆర్డర్ నంబర్లు, ఐడీలు తీసేసి మారని ముక్క మాత్రం పెట్టండి. దొరికితే కింద 'నాకూ వస్తోంది' అని రాసి ఊరుకోకండి, దానివల్ల ఎవరికీ ఒరిగేది లేదు. మీ బిల్డ్ నంబర్, అక్కడ లేని కొత్త వివరం చేర్చండి.

4. టికెట్ రాయండి

టైటిల్ చదివితేనే బగ్ కళ్లకు కట్టాలి. 'ఇన్వాయిస్ సమస్య, అర్జెంట్' పనికిరాదు. 'యుటీసీకి వెనక ఉన్న టైమ్ జోన్లలో సాయంత్రం ఆర్డర్లకు ఇన్వాయిస్‌పై మరుసటి రోజు తేదీ' అంటే చదివినవాడికి ఏ ఫైల్ తెరవాలో అప్పుడే తెలిసిపోతుంది. లోపల ఇవి ఉండాలి: ఏం చేస్తే వస్తుంది, ఏం రావాల్సింది, ఏం వచ్చింది, బిల్డ్ నంబర్, ప్రొడక్షనా (కస్టమర్లు వాడేదా) టెస్ట్ సర్వరా, జరిగిన టైము ఏ టైమ్ జోన్‌లోదో సహా, ఆ రిక్వెస్ట్ ట్రేస్ ఐడీ (అది వెళ్లిన సర్వీసులన్నిటిలోనూ దాన్ని గుర్తుపట్టే నంబర్). చివరి రెండూ లేకపోతే కోట్ల లాగ్ లైన్లలో మీ ఒక్క లైను దొరకదు.

ఎర్రర్‌ను స్క్రీన్‌షాట్‌గా పెట్టినా, టెక్స్ట్‌గా కూడా అతికించండి. బొమ్మలోని అక్షరాలు వెతికితే దొరకవు. కస్టమర్ పేర్లు, ఫోన్ నంబర్లు చెరిపేయండి, పెద్ద కంపెనీలో ఆ టికెట్ ఎంతమంది చూస్తారో మీకు తెలియదు. బ్రౌజర్ నుంచి సేవ్ చేసిన హార్ ఫైల్‌తో (బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య నడిచినదాని రికార్డు) మరీ జాగ్రత్త, అందులో మీ లాగిన్‌ను గుర్తుపెట్టుకునే సెషన్ కుకీలు ఉండవచ్చు. 2023లో లాగిన్ సేవలు అందించే ఆక్టా సంస్థ సపోర్ట్ సిస్టమ్‌లోకి చొరబడినవాళ్లు కస్టమర్లు పంపిన ఇలాంటి ఫైళ్ల నుంచే సెషన్ టోకెన్లు లాగారు.

సివియారిటీ, ప్రయారిటీ ఒకటి కాదు. బగ్ ఎంత దెబ్బ కొడుతుందన్నది సివియారిటీ, ఎంత త్వరగా చూడాలన్నది ప్రయారిటీ. ఎవరూ వాడని పేజీ క్రాష్ అయితే సివియారిటీ ఎక్కువ, ప్రయారిటీ తక్కువ. హోమ్ పేజీలో కంపెనీ పేరు తప్పు పడితే తిరగేసి చదువుకోండి. అన్నిటికీ పీ0 (అన్నిటికంటే పై ప్రయారిటీ) పెట్టేవాళ్ల టికెట్లను ట్రయాజ్‌లో (ఏది ముందు చూడాలో తేల్చే చోట) ఎవరూ పట్టించుకోరు.

5. ఓనర్‌ను పట్టుకోండి

టికెట్లు ఎక్కువగా చచ్చేది ఇక్కడే. టీము క్యూలో పడేస్తే పని అయినట్టు కాదు. పదిమంది చేతిలో పాము చావదంటారు, క్యూలో ఉన్న బగ్ కూడా అంతే. దాని మీద ఒక మనిషి పేరు పడాలి.

తెర మీద ఎర్రర్ చూపించిన సర్వీసే దోషి అనుకోకండి. ట్రేస్ ఐడీ పట్టుకుని రిక్వెస్ట్ ఏయే సర్వీసుల గుండా వెళ్లిందో చూడండి. డేటా ఏ మెట్టు దాకా సరిగ్గా ఉందో, ఏ మెట్టు నుంచి తప్పిందో ఆ రెంటి మధ్యే బగ్ ఉంటుంది. ఆ సర్వీస్ ఎవరిదో కోడ్ ఓనర్స్ ఫైల్‌లో చూడండి. టీముల పేర్లు ఆర్నెల్లకోసారి మారే చోట ఆ ఫైల్ పాతబడి ఉంటుంది, అప్పుడు ఆ కోడ్‌ను చివరగా ఎవరు మార్చారో చూసి వాళ్లనే అడగండి.

మరో టీముకు పంపేటప్పుడు 'ఇది మాది కాదు' అని తోసేస్తే అది గోడకు కొట్టిన బంతిలా మీ దగ్గరికే వస్తుంది. 'ఈ రిక్వెస్ట్‌ను మా సర్వీస్ టైమ్ జోన్‌తో సహా పంపింది, మీ జవాబులో అది లేదు, రెండు లాగ్ లైన్లూ ఇవిగో' అని రాయండి. ఆధారం ఉన్న టికెట్‌ను వెనక్కి కొట్టడం కష్టం. మూడుసార్లు చేతులు మారిందంటే కామెంట్లు ఆపి, రెండు టీముల నుంచి ఒక్కో ఇంజినీర్‌ను 15 నిమిషాల కాల్‌లో కూర్చోబెట్టండి. మేనేజర్ దాకా వెళ్లడం ఆ తర్వాతి మెట్టు.

6. ఏ మార్పు వల్ల వచ్చిందో తేల్చండి

పోయిన నెల బాగుంది, ఇప్పుడు లేదు అంటే గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్)లోని బైసెక్ట్ కమాండ్ వాడండి. మధ్యలో ఉన్న కమిట్ (నమోదైన ఒక్కో కోడ్ మార్పు) తీసుకుని పరీక్షిస్తూ ప్రతిసారీ సగం కొట్టేస్తుంది. 1,000 కమిట్లున్నా దాదాపు 10 పరీక్షలతో తేలిపోతుంది. చిక్కల్లా అప్పుడప్పుడు మాత్రమే వచ్చే బగ్‌తోనే. ఐదింట ఒకసారి వచ్చే బగ్‌ను ఒక్కసారి నడిపి 'బాగుంది' అనేస్తే బైసెక్ట్ తప్పు దారి పడుతుంది. 10 సార్లు నడిపినా తప్పించుకునే అవకాశం 10 శాతం పైనే, 20 సార్లు నడిపితే 1 శాతం చిల్లరకు దిగుతుంది. స్క్రిప్ట్ రాసి 20 సార్లు నడపండి.

కోడ్‌లో ఏమీ దొరకకపోతే కాన్ఫిగ్ (సెట్టింగుల) మార్పులు, ఫీచర్ ఫ్లాగులు, గడువు తీరిన సర్టిఫికెట్లు చూడండి. 2024 జూలై 19న సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడేసిన సెక్యూరిటీ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ కొత్త ప్రోగ్రాం కాదు, ఒక కంటెంట్ ఫైల్. దాంట్లోని రూలు 21వ ఇన్‌పుట్‌ను చదవబోయింది, ప్రోగ్రాం ఇచ్చినవి 20.

7. సరిచేయండి, మెల్లగా వదలండి

ముందు ఈ బగ్ వల్ల ఫెయిలయ్యే టెస్ట్ రాయండి, తర్వాత సరిచేయండి. పనిలో పనిగా కోడ్ శుభ్రం చేద్దామన్న ఆశ ఆపుకోండి, ఆ మార్పు వేరేగా పంపవచ్చు. అదే తప్పు వేరే చోట ఉందేమో చూడండి: ఇన్వాయిస్‌లో యుటీసీ తేదీ పడిందంటే రీఫండ్ రసీదులోనూ పడుతూ ఉండవచ్చు. కోడ్ సరిచేస్తే పాత డేటా సరికాదు. ఇప్పటికే తప్పు తేదీతో వెళ్లిపోయిన ఇన్వాయిస్‌లకు వేరే టికెట్ తెరిచి, దానికీ ఒక పేరు పెట్టండి.

రిలీజ్ 1 శాతం సర్వర్లతో మొదలుపెట్టి, 10, 50, 100 అంటూ పెంచండి. ఒక్కో మెట్టు మీద రద్దీ వేళ గడిచేదాకా ఆగండి. ఆ 1 శాతంలో ఎవరున్నారన్నదీ ముఖ్యమే. మన ఉదాహరణలో మొదటి సర్వర్లు యుటీసీ పక్కనే ఉన్న దేశాలవైతే గ్రాఫ్‌లన్నీ పచ్చగానే ఉంటాయి, బగ్ పోయిందో లేదో మాత్రం తెలియదు.

మెర్జ్ అయిందని (మార్పు ప్రధాన కోడ్‌లో కలిసిందని) టికెట్ మూసేయకండి. ఏ బిల్డ్‌లో సరైందో రాసి, మొదట ఫిర్యాదు చేసినవాళ్ల చేత ప్రొడక్షన్‌లో చూపించండి: టైమ్ జోన్ వెనక్కి పెట్టి సాయంత్రం 4:05కి ఒక ఆర్డరు, ఇన్వాయిస్ మీద ఈరోజు తేదీ. అది కామెంట్‌లో పడ్డాక మూసేయండి.