బేస్ గిటార్‌కి పికప్ మార్చాక సౌండ్ తేడాగా ఉందా? సమస్య - పరిష్కారం

టోన్ బాగుంటుందని డబ్బులు పోసి కొత్త పికప్ (స్ట్రింగ్స్ కింద ఉండి వాటి కదలికని సిగ్నల్‌గా మార్చే అయస్కాంతం, కాయిల్ భాగం) వేస్తే, పాతదే నయం అనిపించేలా వస్తోందా? వెంటనే పికప్ నాసిరకమని తేల్చేయకండి. ఇలాంటి కేసుల్లో చాలావరకు తప్పు వైరింగ్‌లోనో, పికప్ ఎత్తులోనో ఉంటుంది. చవక డిజిటల్ మల్టీమీటర్ ఒకటి దగ్గర పెట్టుకుంటే చాలు, బేస్ విప్పకుండానే సగం విషయం తెలిసిపోతుంది. ఇక్కడ చెప్పేదంతా బ్యాటరీ లేని పాసివ్ పికప్‌ల గురించే.

అసలు సౌండే లేదు

బేస్‌కి కేబుల్ గుచ్చి, రెండో కొనని ఆంప్‌కి పెట్టకుండా బయటే ఉంచండి. వాల్యూమ్ ఫుల్ పెట్టి, మీటర్‌ని 20 కిలో ఓమ్స్ మీద ఉంచి, ప్లగ్ మొనకి ఒక ప్రోబ్, దాని ఒంటికి ఇంకోటి ఆనించండి. ప్రెసిషన్ రకం పికప్ (రెండు ముక్కలుగా ఉండేది) అయితే 10 అటూ ఇటూగా చూపించాలి, జాజ్ బేస్‌లో (రెండు పికప్‌లు, దేని వాల్యూమ్ దానికి ఉండే రకం) ఒక్కో పికప్ 7-8, రెండూ ఫుల్‌గా ఉంటే అందులో సగం.

సున్నా చూపిస్తే ఎక్కడో షార్ట్ అయింది. లోపల రాగి ఫాయిల్ అంటించినవాళ్ళు ముందు జాక్ చూడండి, ప్లగ్ గుచ్చినప్పుడు జాక్ నాలుక వెనక్కి వంగి ఆ ఫాయిల్‌కి తగులుతుంటుంది, జాక్‌ని కొంచెం తిప్పి బిగిస్తే సరిపోతుంది. OL అనో, ఎడమవైపు ఒంటరి 1 అనో (మీటర్ కొలవలేనంత ఎక్కువ అని అర్థం) వస్తే సోల్డర్ ఊడిందని. తళతళలాడకుండా బూడిద రంగులో ఉండలా ఉన్న సోల్డర్‌ని నమ్మకండి, మళ్ళీ వేడి చేసి అతికించండి. పికప్ వైర్లు విడిగా తీసి కొలిచినా అదే వస్తే మాత్రం కాయిల్ తెగినట్టే. ఆ తీగ వెంట్రుకలా సన్నగా ఉంటుంది, స్క్రూడ్రైవర్ జారితే చాలు తెగడానికి.

సౌండ్ ఉంది కానీ పీలగా ఉంది

ప్రెసిషన్ పికప్ రెండు ముక్కలు కదా, అవి సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటిగా) కలిసి ఉండాలి. మీటర్ 10 బదులు 5 చూపించి, రెండు స్ట్రింగ్స్ మోగుతూ మిగతా రెండూ దాదాపు మూగబోతే ఒక ముక్క కలవలేదు. 2.5 చూపిస్తే రెండూ ప్యారలల్‌లో (పక్కపక్కన) పడ్డాయి. పికప్‌తో వచ్చిన డయాగ్రామ్ చూసి మళ్ళీ కలపండి.

జాజ్ బేస్‌లో ఏ పికప్‌కి ఆ పికప్ విడిగా బాగుండి, రెండూ కలిపితే మాత్రం అడుగు సౌండ్ మాయమైతే అది ఫేజ్ సమస్య, అంటే ఒకదాని సిగ్నల్ రెండోదానికి ఎదురు తిరిగి దాన్ని కొట్టేస్తోంది. ఒక పికప్ వైర్లు రెండూ తారుమారు చేస్తే పోతుంది. దానికి మెటల్ కవర్ ఉండి, అది నల్ల వైరుకి కలిసి ఉంటే ముందు ఆ లింకు తీసి కవర్‌ని విడిగా గ్రౌండ్ చేయాలి. ఇంకో చిక్కు, రెండు పికప్‌లు వేర్వేరు కంపెనీలవైతే ఇలా తిప్పాక ఫేజ్ సరిపోయి హమ్ (ఆగకుండా వచ్చే గుయ్‌మనే మోత) మొదలవ్వచ్చు. అప్పుడు వైర్లతో ఎంత ఆడినా లాభం లేదు, ఒక పికప్‌లో అయస్కాంతం దిశ, వైండింగ్ దిశ రెండూ రెండోదానికి ఎదురుగా ఉండాలి. అందుకే జాజ్ బేస్‌కి జతగా కొనమంటాను, విడివిడిగా కాదు.

హమ్, బజ్

స్ట్రింగ్స్ మీద చెయ్యి వేసి చూడండి. హమ్ తగ్గితే గ్రౌండ్ వైరు పనిచేస్తున్నట్టే, మీకు కావాల్సింది షీల్డింగ్ (లోపల రాగి ఫాయిల్ అంటించడం). ఏ మార్పూ లేకపోతే బ్రిడ్జ్ కింది వైరు తగలడం లేదు, బ్రిడ్జ్ స్క్రూలు విప్పి ఆ వైరు కొసని గీకి, పోగుల్ని విసనకర్రలా విప్పి పరిచి మళ్ళీ బిగించండి. చెయ్యి వేస్తే హమ్ పెరుగుతోందంటే జాక్ దగ్గర వైర్లు తిరగబడ్డాయి. ప్రెసిషన్ పికప్ హమ్ ఇస్తుంటే రెండు ముక్కల్లో ఒకటి తలకిందులుగా కలిపారేమో చూడండి. జాజ్ బేస్‌లో ఒక వాల్యూమ్ తగ్గించినప్పుడు వచ్చే హమ్ సహజం, దానికి కంగారు అక్కర్లేదు.

స్ట్రింగ్స్ పట్టుకుని మైక్‌కి మూతి ఆనించగానే షాక్ కొడితే మాత్రం అక్కడితో ఆపేయండి. అది పికప్ గొడవ కాదు, ప్లగ్ బోర్డులో ఎర్తింగ్ లేకపోవచ్చు. చర్చిల్లో, పందిళ్ళలో వాయించేవాళ్ళు దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు, ఎలక్ట్రీషియన్ వచ్చి సరిచేసేదాకా ఆ లైన్ వాడకండి.

దుప్పటి కప్పినట్టు మందంగా ఉంది

యాక్టివ్ పికప్‌లు తీసి పాసివ్ వేసినవాళ్ళకి ఇది తరచూ వస్తుంది. పాట్ (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే భాగం) వెనక ఏం రాసుందో చూడండి, 25K ఉంటే ట్రెబుల్ అంతా అక్కడే పోతోంది, 250K వేయండి. పాట్ సరైనదే అయితే స్ట్రింగ్స్ మార్చండి. నెలల తరబడి చెమట పట్టిన స్ట్రింగ్స్‌కి ఏ పికప్పూ ప్రాణం పోయలేదు, నిజానికి పికప్ కొనకముందే చేయాల్సిన పని ఇది.

పై ఫ్రెట్లలో నోట్ వణుకుతోంది, ట్యూన్ నిలవట్లేదు

పికప్ మరీ దగ్గరగా ఉండి అయస్కాంతం స్ట్రింగ్‌ని లాగుతోంది. చివరి ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్‌ని నొక్కి పట్టుకుని, స్ట్రింగ్‌కీ పికప్‌కీ మధ్య ఖాళీ లావు స్ట్రింగ్ వైపు 3 మిల్లీమీటర్లు, సన్న స్ట్రింగ్ వైపు 2.5 దగ్గర మొదలుపెట్టి, వణుకు పోయి నాలుగు స్ట్రింగ్స్ సమంగా మోగేదాకా స్క్రూని పావు చుట్టు చొప్పున తిప్పుతూ వాయించి వినండి.