ఈథర్నెట్ కేబుల్‌ను స్ట్రెయిట్‌గా, క్రాస్ఓవర్‌గా ఎలా అమర్చాలి?

సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి కొంత క్యాట్5ఈ కేబుల్ (నాలుగు జతల తీగలుండే నెట్‌వర్క్ కేబుల్ రకం), నాలుగైదు ఆర్‌జె45 కనెక్టర్లు (దాని చివర బిగించే ప్లగ్గులు), వాటిని నొక్కి బిగించే ఒక క్రింపింగ్ టూల్, తీగలు సరిగా కలిశాయో లేదో చూపే చిన్న టెస్టర్ కొని తెచ్చుకుంటే, కావలసిన పొడవుకు నెట్‌వర్క్ కేబుల్‌ను ఇంట్లోనే తయారు చేసుకోవచ్చు. అయితే లోపలి తీగల రంగుల వరుసతో పాటు దాని వెనుక కారణం కూడా తెలిసి ఉండాలి. అమీర్‌పేటలో నెట్‌వర్కింగ్ నేర్చుకుని వరుసను పద్యంలా అప్పజెప్పేవారిలో సైతం, ఎందుకని అడిగితే నీళ్లు నమిలేవారు ఉంటారు.

100 మెగాబిట్ల ఈథర్నెట్‌లో కంప్యూటర్ 1, 2 పిన్నుల మీద పంపి, 3, 6 పిన్నుల మీద అందుకుంటుంది. స్విచ్‌లో, అంటే పలు కంప్యూటర్లను నెట్‌వర్క్‌గా కలిపే పెట్టెలో, ఇది తారుమారుగా ఉంటుంది కనుక, ఆ రెంటినీ కలపడానికి తీగలు నేరుగా వెళితే చాలు; అదే స్ట్రెయిట్ కేబుల్. అదే రెండు కంప్యూటర్లను స్ట్రెయిట్ కేబుల్‌తో కలిపితే, రెండూ ఒకే జత మీద పంపుతూ, మరో జత మీద ఎదురుచూస్తూ ఉండిపోతాయి. ఆ జతలను అటూ ఇటూ మార్చేదే క్రాస్ఓవర్.

ముందుగా కేబుల్ పైతొడుగును సుమారు 3 సెంటీమీటర్ల మేర, లోపలి తీగలకు గాటు పడకుండా తీసివేయండి. కనెక్టర్ క్లిప్పు కిందికి, లోహపు పిన్నులు పైకి, తీగలు దూర్చే వైపు మన వైపుకు ఉండేలా పట్టుకుంటే ఎడమ చివరిది 1వ పిన్ను. అక్కడి నుంచి టీ568బి అనే ప్రామాణిక వరుస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. తీగల కొసలను సమంగా కత్తిరించి, కనెక్టర్ ముందుగోడకు తగిలేదాకా నెట్టి, పైతొడుగు కూడా కొంత లోపలికి వెళ్లిందని చూసుకుని, టూల్‌తో గట్టిగా నొక్కండి. రెండో చివర కూడా ఇలాగే చేస్తే స్ట్రెయిట్ కేబుల్ సిద్ధమవుతుంది. రెండో చివర నారింజ జత స్థానంలో ఆకుపచ్చ జతను, ఆకుపచ్చ స్థానంలో నారింజను ఉంచితే, అంటే టీ568ఏ వరుసను పాటిస్తే, అది క్రాస్ఓవర్ అవుతుంది.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. రెండు చివరలా ఒకే వరుస ఉంటే చాలు కదా అని నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ జతలను పక్కపక్కనే పెట్టేస్తారు. తీగకు రంగుతో పని లేదన్నది నిజమే కానీ, మెలికతో పని ఉంది: ఒక జతలోని రెండు తీగలు పెనవేసుకుని ఉండడం వల్లనే బయటి అలజడి, పక్క జతల నుంచి వచ్చే జోక్యం తగ్గుతాయి. పైవిధంగా అమర్చినప్పుడు 3, 6 పిన్నులకు వేర్వేరు జతల తీగలు చేరి ఆ రక్షణ పోతుంది. మామూలు టెస్టర్‌లో ఎనిమిది దీపాలూ వరుసగానే వెలుగుతాయి, నెట్ మాత్రం నెమ్మదిస్తుంది లేదా తెగిపోతూ ఉంటుంది. మెలికను కూడా కనెక్టర్ దగ్గర 13 మిల్లీమీటర్లకు మించి విప్పకూడదు.

టెస్టర్‌లో క్రాస్ఓవర్ అవతలి చివర దీపాలు 3, 6, 1, 4, 5, 2, 7, 8 క్రమంలో వెలుగుతాయి. దాన్ని చూసి కేబుల్ చెడిందనుకోవద్దు.

ఇలాంటి రాగి కేబుళ్ల కోసం 1999లో ప్రమాణంగా వచ్చిన గిగాబిట్ ఈథర్నెట్ నాలుగు జతలనూ రెండు దిశలలోనూ వాడుకుంటుంది. ఇప్పటి పరికరాలు చాలావరకు ఆటో ఎండీఐఎక్స్ సదుపాయంతో ఏ కేబుల్‌కైనా తమంతట తామే సర్దుకుంటాయి. అందువల్ల పాత స్విచ్‌లను ఒకదానితో ఒకటి కలిపే అవసరం వస్తే తప్ప క్రాస్ఓవర్ చేయవద్దనే నా సలహా. చేయవలసి వస్తే రెండు చివరలా ఎర్ర టేపు చుట్టి ఉంచండి.