ఇంట్లో నాణేల ఆల్బమ్ – 5వ పాఠం: లోపలికి పోయిన ముక్కు

ఈసారి కెమెరా పాఠం చెప్పాలి. అది సగానికి కుదించక తప్పడం లేదు, ఎందుకంటే పోయినసారి స్కానర్ పాఠం మిగిల్చిన చెత్త ముందు ఊడవాలి.

తప్పు కొంత నాదే. "నాణేన్ని గాజు మీద బోర్లా పెట్టి, 1200 డీపీఐ (అంగుళానికి 1200 పిక్సెళ్లు) ఎంచుకుని, బటన్ నొక్కండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. మీరు అక్షరాలా అలాగే చేశారు. వచ్చిన స్కాన్లు చూస్తే రాజుగారి ముక్కు లోపలికి పోయింది, బుగ్గ ఉబ్బెత్తుగా ఉండాల్సిన చోట గిన్నెలా గుంట. ఒకరైతే "ఇది అచ్చు తప్పిన నాణెమా, విలువ ఎక్కువ ఉంటుందా" అని ఆశగా అడిగారు. లేదండీ. నాణెం లక్షణంగా ఉంది. వెలుతురు తలకిందులైంది, అంతే.

గాజు కింద కదిలే కడ్డీని చూశారుగా. అందులో దీపం సాధారణంగా సెన్సార్‌కి ఒక పక్కనే ఉంటుంది. అంటే నాణెం మీద పడే వెలుగు ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి, ఏటవాలుగా వస్తుంది. మన కంటికేమో వెలుతురు పైనుంచే వస్తుందని పుట్టినప్పటి నుంచీ నమ్మకం. పై వైపు మెరిసి కింది వైపు నీడ ఉంటే ఉబ్బెత్తు, అటుదిటు అయితే గుంట. వెలుగు కిందనుంచి వచ్చిందేమోనని మెదడు ఒక్క క్షణం కూడా అనుమానించదు, ఆకారాన్నే తిరగేస్తుంది. చంద్రుడి మీది గుంటల ఫొటోను తలకిందులుగా పట్టుకు చూడండి, గుంటలన్నీ బొబ్బల్లా లేస్తాయి.

ఇక నాకు చిరాకు తెప్పించిన సంగతి. నాణెం తలకిందులుగా వచ్చిందని చాలామంది కంప్యూటర్‌లో 180 డిగ్రీలు తిప్పేశారు. ఫొటోను తిప్పితే అందులో గడ్డకట్టిన నీడలు కూడా దానితోపాటే తిరుగుతాయి. అక్షరాలు నిటారుగా నిలబడతాయి, ముక్కు లోపలికి పోతుంది. తిప్పాల్సింది గాజు మీద నాణేన్ని, తెర మీద ఫొటోని కాదు. మూడు నాలుగు డిగ్రీల వంకర సరిచేసుకుంటే ఫరవాలేదు. పావు చుట్టు, అర చుట్టు అయితే మళ్లీ స్కాన్ చేయాల్సిందే. బద్ధకించకండి.

మీ స్కానర్‌లో దీపం ఏ వైపో కనిపెట్టడం తేలిక. ముఖం బాగా పైకి లేచిన నాణెం ఒకటి తీసుకోండి. నాలుగు సార్లు, ప్రతిసారీ పావు చుట్టు తిప్పి స్కాన్ చేయండి. పోల్చడానికి మాత్రం నాలుగింటినీ తెర మీద నిటారుగా తిప్పి చూడండి. ఏ స్కాన్‌లో ముఖం చక్కగా లేచి నిలబడిందో, అప్పుడు నాణెం తల ఉన్న వైపు చట్రం మీద చిన్న టేపు ముక్క అంటించండి. ఇకమీదట ప్రతి నాణెం తలా టేపు వైపే.

బోర్లా పెట్టాక తల ఎటుందో తెలిసేదెలా? బొరుసు చూసి. యూరో నాణెంలాంటివాటిని పక్కకి తిరగేస్తే బొరుసు కూడా నిటారుగానే ఉంటుంది, కాబట్టి బొరుసు తల కూడా టేపు వైపే ఉండాలి. అమెరికా నాణేల్లో బొమ్మకీ బొరుసుకీ తలలు ఎదురెదురు. అక్కడ బొరుసు టేపుకి వ్యతిరేకంగా ఉంటేనే బొమ్మ సరిగ్గా ఉన్నట్టు.

నల్లగా వచ్చిన నాణేల గురించి. అద్దంలా మెరిసే నాణెం తన మీద పడ్డ వెలుగును అవతలి పక్కకి విసిరేస్తుంది. తిన్నగా పైకి చూసే సెన్సార్‌కి ఏమీ అందదు. బ్రైట్‌నెస్ ఎంత పెంచినా లాభం లేదు. అరిగిన రాగి, మసకేసిన వెండి స్కానర్‌కి, కొత్త మెరుపు కెమెరాకి. నాది ఇదే లెక్క. ఒకరు దీనికి విరుగుడుగా పాత నాణేన్ని తోమి మరీ స్కాన్ చేశారు. తోమితే పోయేది మురికి కాదు, పై పొర. ఇంకోసారి ఆ మాట నా చెవిన పడకూడదు.

ప్లాస్టిక్ డబ్బీలో ఉన్న నాణెం మసకగా వస్తే మీ స్కానర్ పల్చటి రకం అన్నమాట. దాని చూపు గాజు నుంచి మిల్లీమీటరు దాటితే ఆనదు. పాతకాలపు లావుపాటి స్కానర్లు కొన్ని మిల్లీమీటర్ల దాకా చూస్తాయి. ఉంటే పారేయకండి. మూత తెరిచి గది చీకటి చేస్తే వెనక నలుపు ఉచితంగా వస్తుంది. నాణేన్ని గాజు మీద జరపకుండా ఎత్తి పెట్టండి.

ఇన్ని తిట్లు తిన్నా స్కానర్‌ని నేను వదలకపోవడానికి కారణం కొలత. 1200 డీపీఐలో 25 మి.మీ. నాణెం సుమారు 1181 పిక్సెళ్లు. వెనక్కి లెక్కేసుకుంటే వ్యాసం వచ్చేస్తుంది. కెమెరా ఆ హామీ ఇవ్వదు.

కెమెరా సంగతి క్లుప్తంగా. ఫోన్‌ని నాణెం మీదికి వంచేయకండి, దాని నీడే పడుతుంది. వెనక్కి జరిగి రెండు రెట్ల లెన్స్ వాడండి. ట్రైపాడ్ లేకపోతే పుస్తకాల దొంతి చాలు. రెండు సెకన్ల టైమర్ పెట్టండి. లెన్స్ నాణేనికి సమాంతరంగా ఉందో లేదో చూడ్డానికి నాణెం చోట చిన్న అద్దం పెట్టండి. తెర నడిమధ్యన లెన్స్ తన్ను తాను చూసుకుంటుంటే సరిపోయినట్టే. దీపం ఒక్కటే, గడియారంలో పదకొండు ఉండే వైపు, కాస్త ఎత్తులో. అద్దంలాంటి నాణేలకి లెన్స్‌కీ నాణేనికీ మధ్య 45 డిగ్రీల వాలులో గాజు పలక నిలబెట్టి, పక్కనుంచి దానిమీద వెలుగు వేయండి. వెలుగు నిట్టనిలువునా నాణెం మీదికి దిగుతుంది, నాణెం నున్నటి నేల (బొమ్మ లేని చదునైన భాగం) తెల్లగా మెరుస్తుంది, బొమ్మ ముదురుగా తేలుతుంది. దీపం వెలుగు పక్కనుంచి నేరుగా నాణెం మీద పడకుండా చిన్న అట్టముక్క అడ్డం పెట్టడం మరవకండి. అంచు మీది గీతలూ రాతలూ ఎలాగూ కెమెరాకే కనిపిస్తాయి.

అభ్యాసం: అరిగిన నాణెం ఒకటి, మెరిసేది ఒకటి. బొమ్మ వైపు మాత్రమే. ఒక్కోదానికి స్కానర్ మీద నాలుగు దిక్కులా నాలుగు, కెమెరాతో దీపాన్ని 12, 3, 6, 9 దగ్గర పెట్టి నాలుగు. మొత్తం 16. స్కాన్లను తెర మీద నిటారుగా తిప్పుకోండి (ఇక్కడ కూడా అనుమతి). మర్నాడు ఫైల్ పేర్లు చూడకుండా, ప్రతిదానిలో దీపం ఎటుందో కాగితం మీద రాయండి. ముఖం చూసి చెప్పబోతే బోల్తా పడతారు. అంచు చూడండి. ఉబ్బెత్తు అంచు లోపలి గోడ ఏ వైపు మెరుస్తుందో, దీపం సరిగ్గా దానికి ఎదుటి వైపు ఉంటుంది.